అనంతపురం థియేటర్ యజమానులకు: ఒక్క సెకండ్ షో ఇవ్వండి

అనంతపురం సినిమా హాళ్ళ యజమానులకు, లీజుదారులకు, మేనేజర్లకు నమస్కారాలు.

నేను ఈ ఊళ్ళో ఇరవై ఆరేళ్ళు ఆపరేటర్‌గా పనిచేశాను. రీళ్ళు చుట్టే కుర్రాడిగా చేరి, లైసెన్సు తెచ్చుకుని, రెండు ప్రొజెక్టర్ల మధ్య నిలబడి వయసంతా గడిపాను. మీలో కొందరి నాయనల దగ్గర జీతం తీసుకున్నాను. మీలో కొందరు చిన్నప్పుడు క్యాబిన్‌లోకి వచ్చి, స్టూలెక్కి, ఆ చిన్న కిటికీలోంచి సినిమా చూసేవాళ్ళు. ఆ చనువుతోనే ఈ ఉత్తరం రాస్తున్నాను. ఒక్కొక్కరి దగ్గరికి వచ్చి అడగొచ్చు. కానీ ఇది ఒక్క హాలుకు సంబంధించిన మాట కాదు. అందుకే అందరికీ కలిపి, ఊళ్ళో జనం కూడా చదివేలా రాస్తున్నాను.

అడిగేది ఇదీ. పెద్ద సినిమా లేని ఒక గురువారం, మీ హాళ్ళలో ఏదో ఒకదాంట్లో, సెకండ్ షో మాకు ఇవ్వండి. 1922లో జర్మనీలో తీసిన ‘నోస్‌ఫెరాటు’ అనే మూకీ సినిమా వేద్దాం. రక్తపిశాచి కథ. తెర పక్కన మన జిల్లా ఉరుముల కళాకారులు, అంటే జాతరల్లో ఉరుము అనే డోలు వాయించేవాళ్ళు, కూర్చుని సినిమా పొడుగునా వాయిస్తారు. అది బాగా జరిగితే రెండు మూడు నెలలకొకసారి ఇలాంటి పాత భయం సినిమా ఒకటి వేసుకుందాం. ఇంతకు మించి ఏమీ అడగడం లేదు.

ఇన్ని రకాల పాత సినిమాలుండగా దెయ్యం సినిమానే ఎందుకని మీరు అడుగుతారు. చెప్తాను.

క్యాబిన్‌లో ఉన్నవాడికి తెర కంటే హాలే ఎక్కువ కనపడుతుంది. మేం తెర వైపు చూసేది ఫోకస్ కోసం, రీలు మార్పు కోసం. తెర మూలన చుక్క పడితే రెండో మిషన్ మోటారు వేస్తాం, మళ్ళీ చుక్క పడగానే మారుస్తాం. మిగతా టైమంతా కింద జనాన్ని చూడటమే. హాల్లో బీడీలు కాల్చే రోజుల్లో నేల క్లాసు నిండా ఎర్రటి చుక్కలు కదులుతూ ఉండేవి. నోటి దగ్గరికి పోయేవి, కిందికి దిగేవి. కామెడీ వస్తే ఊగేవి. పాట వస్తే లేచి బయటికి పోయేవి. దెయ్యం సినిమా నడిచేటప్పుడు మాత్రం కొన్ని చోట్ల ఆ చుక్కలన్నీ ఎక్కడివక్కడ ఆగిపోయేవి. మూడు నాలుగు వందల మంది ఒకేసారి ఊపిరి బిగబట్టడం కళ్ళతో చూడొచ్చని నాకు అలా తెలిసింది. ఏ హీరో ఎంట్రీకీ, ఏ ఫైటుకూ ఆ చుక్కలు అట్లా ఆగడం నేను చూడలేదు.

ఇంకొకటి కూడా చూశాను. సెకండ్ షో వదిలేసరికి అర్ధరాత్రి దాటేది. బుక్కరాయసముద్రం వాళ్ళు చెరువు కట్ట మీదుగా నడిచి పోవాలి. మామూలు సినిమా అయితే ఎవరి దారి వాళ్ళది, సైకిళ్ళున్నవాళ్ళు ముందే వెళ్ళిపోయేవాళ్ళు. దెయ్యం సినిమా అయితే గేటు బయట లైటు కింద నిలబడి ఒకరికోసం ఒకరు చూసుకునేవాళ్ళు. “యా ఊరబ్బా మీది? కట్ట మీదే కదా పోయేది, ఉండు, కలిసే పోదాం” అనేవాళ్ళు. ముక్కూ మొగం తెలియనివాళ్ళు పదిమంది గుంపై, గట్టిగా మాట్లాడుకుంటూ, నవ్వుకుంటూ వెళ్ళేవాళ్ళు. సైకిలున్నవాడు కూడా దిగి నడిపించుకుంటూ వాళ్ళతోనే పోయేవాడు. క్యాబిన్‌కు తాళం వేసి కిందికి దిగేసరికి ఆ మాటలు దూరంగా వినపడుతుండేవి.

ఇప్పుడు మా మనవడు దెయ్యం సినిమాలన్నీ ఫోన్‌లో చూస్తాడు. దుప్పటి కప్పుకుని, ఒక్కడే, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని. భయం వేస్తే వేలితో ముందుకు జరుపుతాడు. వాడిది తప్పని నేననను. వాడికి వేరే చోటు మనం చూపించలేదు. పోయినేడాది వాణ్ణి వెంటబెట్టుకుని ఒక హాలుకు వెళ్ళాను. ఊరూ హాలూ పేరు చెప్పను. కొత్త హారర్ సినిమా, మొత్తం తొమ్మిది మందిమి. మంచి టెన్షన్‌లో ఉండగా తలుపు తీసి సమోసాలు తెచ్చారు. సినిమాలో అమ్మాయి గది తలుపు తెరవబోతుండగా ఇంటర్వెల్ కార్డు వేశారు. చివరి సీను ఇంకా రెండు నిమిషాలుందనగా, ఊడ్చేవాళ్ళు వచ్చారని లైట్లన్నీ వేసేశారు. మావాడు నా మొహం చూసి, “తాతా, ఇదేనా నువ్వు చెప్పింది?” అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ఆ జవాబు కోసమే మీకు ఈ ఉత్తరం రాస్తున్నానని అనుకోండి.

ఇక సినిమా గురించి.

బ్రామ్ స్టోకర్ అనే ఐర్లండ్ రచయిత 1897లో ‘డ్రాకులా’ నవల రాశాడు. పాతికేళ్ళ తర్వాత మూర్నౌ అనే జర్మన్ దర్శకుడు ఆ కథనే పేర్లు మార్చి సినిమా తీశాడు. డ్రాకులా ఇందులో ఓర్లాక్ అయ్యాడు. అప్పటికి స్టోకర్ చనిపోయాడు, కానీ ఆయన భార్య ఫ్లోరెన్స్ ఉంది. తన అనుమతి లేకుండా తీశారని ఆమె కోర్టుకెక్కింది. తీసిన కంపెనీ అప్పటికే దివాలా తీసింది, ఇవ్వడానికి డబ్బు లేదు. 1925లో కోర్టు ఈ సినిమా ప్రింట్లన్నీ నాశనం చేయాలని తీర్పిచ్చింది. ఆమె వైపు న్యాయం ఉంది, ఆ మాట కూడా చెప్పాలి. కానీ ప్రింట్లు కొన్ని అప్పటికే వేరే దేశాలకు వెళ్ళిపోయాయి. అక్కడొకటి, ఇక్కడొకటి మిగిలాయి. వాటిని ఏరి, అతికి, శుభ్రం చేసి, జర్మనీలో ఆ దర్శకుడి పేరు మీదే ఉన్న సంస్థ ఒకటి మళ్ళీ నిలబెట్టింది. ఇదే కథను 1979లో ఒకసారి, 2024లో ఒకసారి కొత్తగా తీశారు.

రీళ్ళు మోసినవాణ్ణి కాబట్టి ఈ కథ విన్నప్పుడు నాకు మన సినిమా గుర్తొచ్చి బాధేసింది. మన తొలి తెలుగు మూకీ ‘భీష్మ ప్రతిజ్ఞ’ 1921లో వచ్చింది. అంటే నోస్‌ఫెరాటు కంటే ఒక్క ఏడాది ముందు. దాన్ని కాల్చేయమని ఏ కోర్టూ చెప్పలేదు. ఎవరూ కేసు వెయ్యలేదు. అయినా ఈ రోజు చూద్దామంటే లేదు. కోర్టు చంపమన్న సినిమా బతికింది, జనం చప్పట్లు కొట్టిన మన సినిమా పోయింది. నేను పనిచేసిన రోజుల్లోనే పాత ప్రింట్ల బాక్సులు మూలన పడి, ఫిల్ము ముక్కలుగా పిల్లల చేతుల్లోకి పోవడం చూశాను. ఆ ముక్కలకు బల్బు పెట్టి గోడ మీద బొమ్మలు వేసుకునేవాళ్ళు. నేనూ అట్లా వేసుకున్నవాణ్ణే. ఇప్పుడు తలుచుకుంటే ఆ ముక్కల్లో ఏ సినిమా పోయిందో అనిపిస్తుంది.

ఈ సినిమా ఏది దొరికితే అది వేయకూడదు. ఈ సంగతి మీరు గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. నెట్‌లో నలుపు తెలుపు కాపీలు ఉచితంగా దొరుకుతాయి. అది వేస్తే హాలంతా నవ్వుతుంది. ఎందుకంటే ఆ రోజుల్లో రాత్రిపూట షూటింగ్ చేసేంత లైట్లూ ఫిల్మూ లేవు. రాత్రి సీన్లు పట్టపగలు తీసి, తర్వాత ఆ ముక్కను నీలి రంగులో ముంచేవాళ్ళు. నీలం అంటే రాత్రి అని జనానికి తెలుసు. దీపం వెలుగుకు పసుపు, తెల్లవారుజాముకు గులాబీ. రంగు తీసేసిన కాపీలో రక్తపిశాచి మిట్టమధ్యాహ్నం ఎండలో శవపేటిక చంకన పెట్టుకుని వీధిలో నడుస్తున్నట్టుంటుంది. చూసినవాళ్ళు, ఇదేం దెయ్యం, ఎండలో తిరుగుతోంది అంటారు. తప్పు సినిమాది కాదు, కాపీది. జర్మనీలో బాగు చేసిన కాపీలో ఆ రంగులన్నీ మళ్ళీ వేశారు. సినిమా పాతదై హక్కులు తీరిపోయినా, వాళ్ళు చేసిన ఆ పనికి అనుమతి అడగాలి, అడిగినంత ఫీజు కట్టాలి. అది మేం చూసుకుంటాం.

వేగం సంగతి కూడా అంతే. మూకీలను చేత్తో తిప్పి తీశారు. మన మిషన్లు నడిచే 24 ఫ్రేముల లెక్కన వేస్తే మనుషులు కోడిపిల్లల్లా పరిగెడతారు. ఈ సినిమాను సెకనుకు 18 ఫ్రేముల లెక్కన చూస్తే గంటన్నర పైచిలుకు వస్తుంది. ఆ వేగంలో చూసినప్పుడే ఓర్లాక్ నడక అర్థమవుతుంది. ఆయన తొందరపడడు. చేతులు పక్కకు అంటించుకుని, భుజాలు ఎత్తి, తలుపు ఎంత ఉంటే అంత నిండిపోయి నిలబడతాడు. మొత్తం సినిమాలో తెర మీద ఆయన కనపడేది పది నిమిషాలు కూడా ఉండదు. నెత్తురు దాదాపు కనపడదు. ఒళ్ళు గగుర్పొడిచేది ఓర్లాక్ ఎక్కిన ఓడ వచ్చేచోట. నావికులు ఒక్కొక్కరే చచ్చిపోతారు. చివరికి కెప్టెన్ తనను తానే చుక్కానికి కట్టేసుకుంటాడు. నడిపేవాడు లేకుండా ఆ ఓడ తెరచాపలు ఎత్తుకుని మెల్లగా రేవులోకి వస్తుంది. రేవులో జనం నిద్రపోతుంటారు. ఓడలోంచి ఎలుకలు దిగుతాయి.

ఇక్కడ నాకు మా అవ్వ గుర్తొచ్చింది. ఆమె చిన్నపిల్లగా ఉన్నప్పుడు మా పల్లెకు ప్లేగు వచ్చిందట. ఇంట్లో దూలం మీంచి ఎలుక రాలి పడితే చాలు, ఊరు లేచిపోయేదట. తిండిగింజలు, కుండలు ఎత్తుకుని పొలాల్లో గుడిసెలు వేసుకుని నెలల తరబడి అక్కడే. ఊళ్ళో దీపం పెట్టేవాళ్ళు లేరు. “సందులో కుక్క కూడా లేదు నాయనా, తలుపులన్నీ మూసి, గాలికి కొట్టుకుంటా ఉన్యాయి” అని చెప్పేది. ఈ సినిమాలో ఆ ఊరు కూడా అట్లాగే ఖాళీ అవుతుంది. చాటింపు వేసేవాడు డప్పు కొట్టుకుంటూ వచ్చి, ప్లేగు వచ్చింది, ఎవరి ఇళ్ళల్లో వాళ్ళు ఉండండి అని చదువుతాడు. తలుపుల మీద సున్నంతో శిలువ గుర్తులు వేస్తారు. వీధి మధ్యలో నల్లటి బట్టలవాళ్ళు శవపేటికలు మోసుకుంటూ వరసగా పోతుంటారు. ఒక ఆడమనిషి కిటికీలోంచి చూస్తుంటుంది. మొదటి ప్రపంచ యుద్ధం, ఆ వెంటనే వచ్చిన ఫ్లూ, ఈ రెండింట్లో లెక్కలేనంత మందిని పోగొట్టుకున్న జనం ఈ సినిమా తీశారు. 2020లో మనం కూడా కిటికీల్లోంచి ఖాళీ వీధులు చూశాం. అప్పుడు మీ హాళ్ళకు పడిన తాళాలు ఎన్నాళ్ళకు తీశారో మీకే బాగా తెలుసు. కొన్ని మళ్ళీ తెరుచుకోలేదు. అందుకే ఇది పరాయి దేశం కథ అనిపించదు నాకు. చూస్తే మీకూ అనిపించదు.

ఇంకా పెద్ద మాట ఉంది. ఈ ఉత్తరంలో నేను చెప్పదలుచుకున్న అసలు మాట అదే.

ఆ కిటికీలోంచి చూసిన ఆడమనిషి పేరు ఎలెన్. ఆమె మొగుడు తెచ్చిన పాత పుస్తకంలో ఒక మాట రాసి ఉంటుంది. మంచి మనసున్న ఆడది ఎవరైనా తనంతట తాను ఆ పిశాచిని కోడికూసే దాకా తన దగ్గర ఆపగలిగితే, వాడు అంతమైపోతాడని. మొగుడు ఆ పుస్తకం చదవొద్దంటాడు. ఆమె చదువుతుంది. వీధిలో శవాలు లెక్కపెడుతుంది. ఒక రాత్రి కిటికీ తెరుస్తుంది. ఓర్లాక్ నీడ మెట్లెక్కి వస్తుంది. మనిషి కనపడడు, నీడే. పొడుగాటి వేళ్ళు తలుపు మీద పాకుతాయి. తర్వాత ఆ చేతి నీడ ఆమె గుండె మీద పడి పిడికిలి బిగుసుకుంటుంది. తెల్లారుతుంది, కోడి కూస్తుంది, ఎండ పడి వాడు పొగై పోతాడు. ఎలెన్ కూడా మొగుడి చేతుల్లో ప్రాణం వదులుతుంది. ఎండ తగిలితే రక్తపిశాచి చస్తాడనే మాట ఈ సినిమాతోనే మొదలైంది. స్టోకర్ నవలలో డ్రాకులా పగలు కూడా తిరుగుతాడు.

అయ్యా, ఊరికోసం తనంతట తాను చావుకు ఎదురెళ్ళిన ఆడపిల్ల కథ మనకు కొత్తదా? మన ఊరు దాటితే చెరువు ఉంది. ఆ చెరువుకు గండి పడి ఊళ్ళు మునిగే వేళ, బసిరెడ్డి చిన్న కోడలు ముసలమ్మను బలిస్తే కట్ట నిలుస్తుందని మాట వినపడిందని కదా కథ. పేరే ముసలమ్మ, వయసు చిన్నది, చంకలో పసిబిడ్డ. ఎవరూ ఈడ్చుకుపోలేదు. అత్తమామలకు, మొగుడికి చెప్పి, బిడ్డను అప్పగించి, తనే నడిచి గండిలోకి దిగింది. కట్టమంచి రామలింగారెడ్డి గారు 1899లో దాన్ని ‘ముసలమ్మ మరణము’ అనే కావ్యంగా రాశారు. తెలుగు చదువుకున్నవాళ్ళందరికీ ఆ పేరు తెలుసు. మనకు మాత్రం అది పుస్తకం పేరు కాదు. సెకండ్ షో చూసి జనం గుంపుగా దాటింది ఆ చెరువు కట్టనే. మా అవ్వ ఆ కట్ట మీద పోతుంటే ఒక్క క్షణం నిలబడి దండం పెట్టుకునేది.

ఈ సినిమా మొదటిసారి చూసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. దెయ్యానికి భయపడి కాదు. ఎలెన్ కిటికీ తెరిచే ముందు ఒక్క క్షణం ఆగుతుంది. గండి ముందు ముసలమ్మ కూడా అట్లా ఒక్క క్షణం ఆగి ఉంటుంది కదా అని తోచింది. ఆ క్షణం పెద్ద తెర మీద, కట్టకు ఇవతల ఉన్న ఈ ఊళ్ళో, కట్టకు అవతల నుంచి వచ్చిన జనంతో కలిసి చూడాలని నా కోరిక. బెంగళూరులోనో హైదరాబాదులోనో వేస్తే సరిపోదు. అక్కడ అది మంచి పాత సినిమా అవుతుంది, అంతే. ఇక్కడ వేరే అవుతుంది.

ఉరుముల సంగతి చెప్పాలి. ఈ సినిమాకు అప్పుడు రాసిన సంగీతం పూర్తిగా మిగల్లేదు. అందుకే ఏ దేశంలో వేస్తే అక్కడివాళ్ళు వాళ్ళ సంగీతం వాయించుకుంటారు. అమెరికాలో, యూరప్‌లో చిన్న చిన్న హాళ్ళు అక్టోబరు చివర్లో ఇట్లాంటి పాత సినిమాలు వేస్తాయి. ఒకచోట ఆర్గాన్, ఒకచోట పియానో, ఒకచోట కుర్రవాళ్ళ బ్యాండు. మనకేం తక్కువ? గ్రామదేవత జాతరలో ఉరుము విన్నవాళ్ళకు చెప్పక్కర్లేదు. ఒక ముఖం మీద వంకర పుల్ల పెట్టి రుద్దితే వచ్చే ఆ మూలుగు వింటే కడుపులో ఏదో కదిలినట్టుంటుంది.

నాకు తెలిసిన ఒక పెద్దాయన ఇంటికి, కాలేజీలో పనిచేసే మిత్రుడు ఒకాయన లాప్‌టాప్ పట్టుకుని వస్తే, ఇద్దరం కలిసి వెళ్ళాం. ఆ కళాకారుడికి డెబ్బై దాటాయి. గుడిసె ముందు నులక మంచం మీద లాప్‌టాప్ పెట్టి సినిమా చూపించాం. మొదటి అరగంట ఏమీ మాట్లాడలేదు. ఓడ వచ్చేచోట, మేం అడక్కుండానే, లోపలికి పోయి ఉరుము తెచ్చుకుని ఒళ్ళో పెట్టుకుని రుద్దడం మొదలుపెట్టాడు. ఓడ ఎంత మెల్లగా వస్తే అంత మెల్లగా. నా చేతుల మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. చాటింపు సీను రాగానే, “ఇది మన పనే” అన్నాడు. నీడ మెట్లెక్కేచోట మాత్రం చేయి తీసేశాడు. ఎందుకు ఆపావు పెద్దాయనా అంటే, “ఈడ వాయించగూడదు సామీ. వాయిస్తే జనానికి తోడు దొరికినట్లయితాది. వాళ్ళను ఒంటరిగా ఇడ్సాల” అన్నాడు. ఇరవై ఆరేళ్ళు సినిమా నడిపినవాణ్ణి, ఆ మాట నాకు తోచలేదు. ఆయనతో పాటు ఇంకో నలుగురు వస్తారు. వాళ్ళకు పూర్తి పారితోషికం ఇచ్చి, వాల్‌పోస్టర్ మీద సినిమా పేరు ఎంత పెద్ద అక్షరాల్లో ఉంటే వాళ్ళ పేర్లు కూడా అంత పెద్ద అక్షరాల్లో వేయాలని మేం అనుకున్నాం.

మూకీ కాబట్టి మాటలు కార్డుల మీద వస్తాయి. పూర్వం మన హాళ్ళలో చదువురాని జనం కోసం ఒకాయన నిలబడి ఆ కార్డులు గట్టిగా చదివి చెప్పేవాడు. మేం కూడా అట్లాగే ఒకరిని పెడతాం. తెలుగులో, మన యాసలో చదువుతారు. మైకు చాలు.

భయం సినిమా అంటే చిన్నచూపు చూసేవాళ్ళకు ఒక్క మాట. మన జిల్లా తాడిపత్రిలో పుట్టిన కె.వి.రెడ్డి గారు 1951లో ‘పాతాళ భైరవి’ తీశారు. అందులో ఎస్.వి.రంగారావు గారి నేపాళ మాంత్రికుడు వచ్చినప్పుడు తల్లి కొంగులో మొహం దాచుకోని పిల్లవాడు ఉన్నాడా? ఆ పిల్లలే పెద్దవాళ్ళై మళ్ళీ మళ్ళీ టికెట్టు కొనుక్కుని చూశారు.

ఇక మీకు కావాల్సిన లెక్కలు. సెన్సార్ సర్టిఫికెట్ లేని సినిమాను టికెట్టు పెట్టి ఆడించకూడదని మీకు తెలుసు. ఫిల్మ్ ఫెస్టివల్ పద్ధతిలో, కేంద్ర సమాచార ప్రసార శాఖ దగ్గర మినహాయింపు తెచ్చుకుని, ముందే పేర్లు నమోదు చేసుకున్నవాళ్ళకు మాత్రమే పాసులిచ్చి వేసే దారి ఉంది. ఆ కాగితాలు, కలెక్టరేట్‌లో చెప్పాల్సినవి, అన్నీ మేమే తిరిగి తెస్తాం. కాగితం చేతికొచ్చాకే తారీఖు వేద్దాం. హాలు అద్దె, కరెంటు, స్టాఫ్ బత్తా మీరు ఎంతంటే అంత ముందే కడతాం. గురువారం ఎందుకంటే శుక్రవారం కొత్త సినిమా పడే ముందు రాత్రి మీకు సెకండ్ షోకి జనం ఉండరు. పది మంది కూడా లేక షో ఎత్తేసిన గురువారాలు మీ డీసీఆర్‌లోనే, అంటే రోజువారీ కలెక్షన్ లెక్కల్లోనే, కనపడతాయి. మా కుర్రాళ్ళు అమావాస్య నాడు పెడదామన్నారు. నేను వద్దన్నాను. పల్లెల్లో ఆడవాళ్ళను అమావాస్య రాత్రి ఇంట్లోంచి పంపరు, వాళ్ళు రాని షో నాకు అక్కర్లేదు.

ఎవరు చూస్తారు అంటారా? 2022 ఆగస్టులో మహేష్ బాబు గారి పుట్టినరోజుకు ‘పోకిరి’ మళ్ళీ వేసినప్పుడు, పదహారేళ్ళ పాత సినిమాకు హాళ్ళు ఎట్లా నిండాయో మీరు చూశారు. ఫోన్‌లో ఉన్న సినిమాకే జనం వచ్చారు. సినిమా కోసం కాదు, కలిసి అరవడం కోసం వచ్చారు. కలిసి భయపడటానికి కూడా వస్తారు. అభిమానులంత మంది రారు, నాకు తెలుసు. బాల్కనీ మూసేసి కింద మాత్రమే తెరవండి. జనం దగ్గర దగ్గరగా కూర్చోవాలి. ఈ సినిమాకు చెల్లాచెదరుగా కూర్చుంటే కుదరదు.

మీ నుంచి కావాల్సినవి కొన్ని ఉన్నాయి, వాటి విషయంలో మాత్రం పట్టు విడవను. ఇంటర్వెల్ వద్దు. గంటన్నర సినిమాకు మధ్యలో ఆపితే కుండకు చిల్లు పెట్టినట్టే. క్యాంటీన్‌కు నష్టం కదా అంటే, షోకి ముందు ఒక గంట తెరిచి ఉంచండి, అందరినీ ముందే రమ్మంటాం. సినిమా మొదలయ్యాక తలుపులు తీయొద్దు. ఎగ్జిట్ లైట్లు చట్టం ప్రకారం ఉండాల్సిందే, అవి ఉండనివ్వండి. మెట్ల మీద ఈ మధ్య పెట్టిన రంగు లైట్లు మాత్రం ఆర్పేయండి. చివరి కార్డు పడిన తర్వాత కూడా ఒక నిమిషం చీకటి ఉంచండి. ఉరుము ఆగాక హాలు ఎట్లా ఉంటుందో ఆ నిమిషంలో తెలుస్తుంది.

పదకొండు మందిమి కలిసి ఈ పని మీద ఉన్నాం. అందులో ఇద్దరు ఆర్ట్స్ కాలేజీ విద్యార్థులు, ఒక టైలరు, ఒక నర్సమ్మ, ఇద్దరు మా పాత గేటుకీపర్లు. మీలో ఎవరు ఒప్పుకున్నా, పాత హాలైనా, తెరకు మరక ఉన్నా, సౌండు సరిగా లేకపోయినా ఫరవాలేదు. సౌండు ఎలాగూ ఉరుములవాళ్ళే తెస్తారు. ఒక్క ప్రొజెక్టర్ లాంపు మాత్రం బాగుండాలి. పాత లాంపుతో వేస్తే నీలం నలుపైపోతుంది, రాత్రి కనపడదు.

తారీఖు చెప్పండి. ఆ రోజు నాలుగింటికే వచ్చి ఫోకస్ చూసుకుంటాను, వెలుగు లోపలికి వచ్చే సందులకు నల్లగుడ్డ కడతాను. షో వదిలాక గేటు బయట లైటు ఒక అరగంట ఆర్పకుండా ఉంచమని మీ వాచ్‌మన్‌తో చెప్పండి. కట్ట మీద పోయేవాళ్ళు కలుసుకోవడానికి.

ఇట్లు,
ఒక పాత ఆపరేటర్,
పాతూరు, అనంతపురం